ఎద్దుల మేత, మద్దిలేటి కంచం

నంద్యాల దగ్గర ఒక పల్లెలో మద్దిలేటి అనే రైతు ఉండేవాడు. ఎద్దులను మేపడంలో ఆయనంత తెలివైనవాడు గానీ, తనను తాను మేపుకోవడంలో ఆయనంత తెలివితక్కువవాడు గానీ ఆ చుట్టుపక్కల లేడు.

బండలాగుడు పందేలకు ఆయన ఎద్దులు పెట్టింది పేరు. వాటికి ఉలవలు నానబెట్టి, జొన్నచొప్ప తరిగి, దగ్గరుండి తినిపించేవాడు. తాను మాత్రం మూడు పూటలా సన్నబియ్యపు అన్నం గుట్టగా పోసుకుని, కూర నంజుకు తినేవాడు. భార్య సుంకులమ్మ జొన్నరొట్టె చేస్తే కంచం పక్కకు నెట్టేవాడు.

"మా నాయన గతిలేక రొట్టె తిన్యాడు. నాకేం ఖర్మ?" అనేవాడు.

ఒక ఏడు తిరునాళ్ల పందెంలో ఎద్దులు బాగానే లాగుతున్నాయి. వాటి వెంట పరుగెత్తుతున్న మద్దిలేటే కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఆయన గొంతు ఆగగానే ఎద్దులూ ఆగిపోయాయి. అవి ఇంకొకరి మాట వినవు మరి.

"నీకు చక్కెర జబ్బు ఉంది. రక్తంలో చక్కెర నిండుగా ఉంది, కండకే చేరడం లేదు," అంది ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేసిన డాక్టరమ్మ.

"ఎందుకు చేరదమ్మా?"

"తెల్లన్నం తిన్న కాసేపటికే చక్కెరై రక్తంలో పడుతుంది. ఒంట్లో ఊరే ఇన్సులిన్ అనే రసం కండ తలుపు తట్టి దాన్ని లోపలికి పంపాలి. పొద్దస్తమానం తడుతూ ఉంటే కండ ఆ చప్పుడే పట్టించుకోదు. జొన్నలు, కొర్రలు, పప్పులు నిదానంగా అరుగుతాయి. నడిచావంటే కండ తనంతట తానే తలుపు తీస్తుంది. మాత్రలు వేసుకో, అన్నం తగ్గించు. చక్కెర తగ్గకుంటే మాత్రం వచ్చే ఏడు పందెం మాట మరిచిపో."

మద్దిలేటి మాత్రలు వేసుకున్నాడు. అన్నం దగ్గర మాత్రం చెయ్యి ఆగలేదు.

ఒకరోజు పక్కింటి పెళ్లిలో అన్నం మిగిలింది. సుంకులమ్మ దాన్ని గంపకెత్తుకుని ఎద్దుల కొట్టంలోకి నడిచింది. మద్దిలేటి ఉరుకున వచ్చి గంప లాక్కున్నాడు.

"నీకేమన్నా మతి పోయిందా? తెల్లన్నం పెడితే కడుపుబ్బి పడిపోతాయి. బండ లాగే కండలు అవి."

"ఎద్దులకు పెట్టనీకి నేనేం ఎర్రిదాన్నా? ఆ మాట నీ నోటితోనే చెప్పిద్దామని తెచ్చినా," అంది సుంకులమ్మ. "వాటెనక ఉరికే మనిషి కండలు ఎవరు సూడాలయ్యా? నిరుడు నువ్వు లేయకపోయింటే నాకు దిక్కెవరు?"

మద్దిలేటికి సిగ్గేసింది. గంప కింద పెట్టి ఎద్దుల మెడలు నిమిరాడు.

"రొట్టె చెయ్‌మే," అన్నాడు చివరికి.

మొదట్లో రొట్టె గొంతు దిగలేదు. గోంగూర పప్పు దండిగా వేసుకుని దించాడు. అన్నం గుట్ట పిడికెడైంది. పొద్దున్నే ఎద్దులను తోలుకుని చేలగట్ల మీద నడిచేవాడు. నెలలు గడిచేకొద్దీ కాళ్లలో సత్తువ వచ్చింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, "కండ తలుపు తీసినట్టుందే," అని నవ్వింది. పందేనికి ఒప్పుకుంది, మాత్రలు మానొద్దని మరీమరీ చెప్పింది.

మరుసటి ఏటి తిరునాళ్లలో ఆయన అదిలింపు చివరిదాకా మైదానమంతా వినబడింది. వచ్చింది రెండో బహుమతే. అయినా మద్దిలేటి మొదటి బహుమతి వచ్చినవాడికంటే ఎక్కువ మురిసిపోయాడు. సుంకులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని రొట్టెల మూట విప్పింది.

నీతి: తిన్నది కడుపు నింపితే చాలదు, కండకు చేరాలి, పశువు మేతలో చూపే తెలివిని మన కంచంలోనూ చూపాలి.