చంపని మేక తోలుపట్టీ

గవరంపేట జమీందారు జగన్నాథరాజు తన చేతిగడియారానికి మేకతోలు పట్టీ కావాలన్నాడు. అయితే ఆయన అహింసా దీక్షలో ఉన్నాడాయె! అందుకని మేకలు కాసే గురివిని పిలిపించి, "చంపిన మేక తోలు పాపం, చచ్చిన మేక తోలు అశుభం. రెండూ కాని పట్టీ తేకపోయావో, నీ మంద నాది" అని హుకుం జారీ చేశాడు.

మర్నాడు గురివి ఓ నల్లమేకను తోలుకొచ్చి, గడియారం అడిగి తీసుకుని దాని మెడలో కట్టింది.

"పట్టీ ఏదే?"

"ఇదే దొరా! ఎంత మెత్తటి తోలో మీరే తడిమి చూడండి. వానలో తడవనివ్వకండి, ఎండలో వదిలెయ్యకండి. పూటపూటకీ ఇంత ఆకు పడేస్తే చాన్నాళ్ళు మన్నుతుంది."

దొర తడిమి చూశాడు. తోలు మేకదే. చంపిందీ కాదు, చచ్చిందీ కాదు. తిరకాసు ఎక్కడుందో ఎంత బుర్ర గోక్కున్నా అంతుబట్టలేదు.

"మరి... నా చేతికుండాలి కదా?" అన్నాడు అయోమయంగా.

గురివి మేక మెడతాడు కొస తెచ్చి ఆయన మణికట్టుకు ముడేసింది.

అంతలో పెరట్లో మునగకొమ్మ కంటబడి మేక పరుగందుకుంది. దాని వెనకే దొర. ఎదురొచ్చిన దివాను, "టైమెంతయింది దొరా?" అన్నాడు.

"ఇది ఆగితే చెబుతానయ్యా! ఒసే గురివీ, ఈ మేక నాకొద్దే!"

"ఒక్క మేకనే వద్దంటే, మందను తీసుకుని ఏం చేసుకుంటారు దొరా?" అంది గురివి.