చిలకపచ్చ గోడ, ఎర్రపట్టు పళ్ళెం

ఒకానొక రాజ్యంలో గోడకు రంగు కుదరక కొలువు ఆగిపోయింది. యుద్ధాలొచ్చి ఆగిన కొలువులున్నాయి, కరువొచ్చి ఆగిన కొలువులూ ఉన్నాయి. పచ్చరంగు కోసం ఆగింది మాత్రం ఒక్క పైడిమర్రులోనే.

పైడిమర్రు రాజు ప్రతాపకేసరి. మనిషి మంచివాడే. కాకపోతే తనకు తెలియని రంగు ఇంద్రధనుస్సులో కూడా లేదని ఆయన నమ్మకం. పైగా భట్రాజులు పొద్దున్నే లేచి ‘వర్ణసార్వభౌమా’ అని పొగుడుతుంటే, అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టు తయారైంది వ్యవహారం.

పట్టాభిషేకం నాడు ఆయనే ఎంచి, కొలువుకూటంలో కిటికీలకు ఎదురుగా ఉన్న పెద్ద గోడకు చిలకపచ్చ వేయించాడు. ఆ రంగు నెమలి ముద్ర కొట్టువారిది. వేసినవాడు ముచ్చి లింగయ్య. ముచ్చివారంటే తరతరాలుగా బొమ్మలకూ గోడలకూ రంగులద్దేవారు. ఇప్పుడు ఆ కొట్టూ లేదు, లింగయ్యా లేడు. మొన్నటి వానలకు గోడ నడుమ చాటంత మేర పెచ్చులూడిపోయింది. అతుకు వేసే పని లింగయ్య కోడలు సిద్ధమ్మ మీద పడింది.

ఊళ్ళో రంగుల కొట్లకు కొదవలేదు. చేప ముద్రవారు అమ్మేదీ చిలకపచ్చే, గుర్రం ముద్రవారిదీ చిలకపచ్చే, తామర ముద్రవారిదీ చిలకపచ్చే. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి లేత అరిటాకు, ఒకటి ముదురు గోంగూర, మరొకటి చెరువు నాచు. ఎవరి చిలక వారిది! సిద్ధమ్మ ఆ రంగులన్నీ తెచ్చి, దానిలో ఇది కలిపి, దీనిలో అది కలిపి, పలక మీద పూసి రాజుగారికి పంపింది. రాజుగారు పెదవి విరిచారు. మళ్ళీ పంపింది. మళ్ళీ విరిచారు. చివరికి విసిగిపోయి కొలువు ఆపించి శాసనం చేశారు.

“ఉగాది కొలువు నాటికి రంగు కుదరాలి. కుదరకపోతే ముచ్చివారి ఇల్లు మన పొలిమేర దాటాలి.”

సిద్ధమ్మ ఇంట్లో మంచం దిగలేని అత్త ఉంది. ఆమెను ఏ పొలిమేర దాటించాలి, ఎలా దాటించాలి?

ఈ సంగతి సూరంభొట్లు చెవిన పడింది. ఆయన కొలువులో హాస్యం చెప్పే పండితుడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, ఏదైనా సరే ఎందుకలా ఉందో తేలేదాకా అన్నం సహించదు. చీమలబారు కనిపిస్తే దాని వెంట పోయి పుట్ట చూసి గాని ఇంటికి రాడు. భార్య ఆయన్ని వెతకాలంటే ముందు నేల వంక చూసేది.

ఆయన వెళ్ళేసరికి సిద్ధమ్మ గోడ ముందు కూలబడి ఉంది. పక్కన పలకలు. ఆయన ఒకదాని మీద వేలు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“తడి మీద చూడకండి అయ్యవారూ. తడి మీద ప్రతి రంగూ అబద్ధమే చెబుద్ది. ఆరిందాన్ని చూడండి.”

ఆరిన పలక తీసుకుని ఆయన గోడకు ఆనించాడు. పలక అంచు తప్ప రంగు తేడా తెలియలేదు.

“కలిసిపోయిందిగా, సిద్ధమ్మా!”

“అదేగా నా ఏడుపు! ఇక్కడ పెడితే కలిసిపోద్ది. రాజుగారి ముందుకెళ్తే మారిపోద్ది. దీనికేమన్నా దయ్యం పట్టిందంటారా?”

సూరంభొట్లుకు ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. రంగుకు దయ్యం పట్టడమా! చూడాల్సిందే.

గోడ మూల నుంచి అరచెయ్యంత పెచ్చు ఊడదీసి, కూటంలో ఎవరూ లేని పూట పళ్ళెంలో పెట్టుకుని, పలక వెళ్ళిన దారినే బయలుదేరాడు. కిటికీ ఎండలో చిలకపచ్చ. స్తంభాల నీడలో కూడా చిలకపచ్చే, కాస్త ముదురు. సింహాసనం మెట్ల దగ్గరికి వచ్చేసరికి నాచు! ఆయన ఆగిపోయాడు. వెనక్కి జరిగాడు, చిలక. ముందుకు వచ్చాడు, నాచు.

తలెత్తి చూశాడు. సింహాసనం మీద ఎర్ర మఖమలు పందిరి. చుట్టూ ఎర్ర తెరలు. వాటిలోంచి వడకట్టుకుని దిగే వెలుగూ ఎరుపే. పైగా ఆ కొలువులో రాజుగారికి ఏది చూపించాలన్నా పళ్ళెంలో ఎర్రపట్టు పరిచి చూపించాలని ఆచారం. ఇంకో ఆచారం కూడా ఉంది. సింహాసనమెక్కిన రాజు కొలువు ముగిసేదాకా దిగకూడదు, దిగాక వెనక తలుపునుంచే వెళ్ళిపోవాలి. అంటే రాజుగారు గోడను ఎప్పుడూ ఎండలో చూస్తారు, పలకను ఎప్పుడూ ఎరుపులో చూస్తారు. రెండూ కలిసేదెప్పుడు?

ఆయన సంబరంగా వెళ్ళి మంత్రికి చెప్పాడు. మంత్రి చెవులు మూసుకున్నాడు.

“వర్ణసార్వభౌములకు రంగు తెలియలేదని చెప్పేదెవరయ్యా? నాకు పిల్లలున్నారు.”

సరే, నేను చెప్పను, ఆయన చేతే చెప్పిస్తాను అనుకున్నాడు సూరంభొట్లు. సిద్ధమ్మను పిలిచి అతుకు వేసెయ్యమన్నాడు. రంగు ఆరాక గోడ మూల వదిలి మిగతాదంతా కప్పేలా ఒక తెర వేలాడదీయించాడు.

ఉగాది కొలువు తీరింది. పంచాంగం అయ్యాక సూరంభొట్లు భటుడి చేత పళ్ళెం పట్టించి ముందుకొచ్చాడు.

“ప్రభూ, ఇది మరొక రంగు. దీన్ని మించిన చిలకపచ్చ భూమ్మీద లేదని దీన్ని ఎంచినవారి నమ్మకం.”

రాజు ఒక్క చూపు చూసి ముక్కు చిట్లించాడు.

“ఇదా? మన గోడ ఎక్కడ, ఇదెక్కడ! నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం.”

“మరొక్కసారి చూడమని మనవి.”

“ఒకసారి చాలదూ? దీన్ని చిలకపచ్చ అన్నవాడికి కళ్ళు లేవు. నా మాటగా వాడితో చెప్పు. గాడిద మీద ఎక్కించి మరీ చెప్పు!”

సభ గొల్లుమంది. మంత్రి అందరికంటే గట్టిగా నవ్వాడు.

“నేను చెప్పక్కర్లేదు ప్రభూ. ఆ మాట ఆయన చెవిన పడనే పడింది,” అన్నాడు సూరంభొట్లు. “ఈ రంగు ఎంచినది తమరే. ఆ గోడ మూల నుంచి ఊడదీసిన పెచ్చు ఇది.”

మంత్రి నవ్వు నోట్లోనే ఉండిపోయింది. రాజు చెయ్యి కత్తిపిడి మీదికి వెళ్ళింది.

“ఏదో కొట్టు రంగు తెచ్చి నా గోడంటావా?”

“గోడనే అడగండి ప్రభూ.”

భటుడు పెచ్చు పట్టుకెళ్ళి గోడ మూల ఉన్న గుంటలో పెట్టాడు. ఊడిన పన్ను మళ్ళీ చిగుళ్ళో కూర్చున్నట్టు అతికింది. దూరం నుంచి చూస్తే అచ్చమైన చిలకపచ్చ. రాజు ముందుకు వంగాడు.

“ఇలా తే.”

తెచ్చాడు. నాచు.

“పట్టుకెళ్ళు.”

పట్టుకెళ్ళాడు. చిలక.

రాజు ముఖంలో కోపం ఎటు పోయిందో పోయింది. కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళయ్యాయి. “ఈసారి మెల్లగా రా. ఇంకా మెల్లగా. ఆగు! ఒక్క అడుగు ముందుకెయ్యి. ఆఁ, అక్కడ! అక్కడ మారింది, చూశారా!”

అది సరిగ్గా పందిరి నీడ మొదలయ్యే చోటు. రాజు పైకి చూశాడు. పళ్ళెంలో పట్టు చూశాడు. తన తెల్ల ఉత్తరీయం చూసుకున్నాడు. అది గులాబీ రంగుకు తిరిగి ఉంది. దాని కోసం ఎందరు చాకళ్ళను కోప్పడ్డాడో!

“భొట్లూ,” అన్నాడు నెమ్మదిగా, “తప్పు నా కంటిదంటావా?”



“కంటిది కాదు ప్రభూ. ఆ పందిరి కింద గరుత్మంతుణ్ణి కూర్చోబెట్టినా అంతే. అక్కడి నుంచి తీర్పు చెబితే తమ గోడే ఓడిపోయింది. ఇక సిద్ధమ్మ గెలిచేదెలా?”

రాజు లేచి, సింహాసనం మెట్లు దిగాడు. కొలువు మధ్యలో దిగడం తాతల నాటి నుంచీ లేదు. పురోహితుడి చేతిలో అక్షతలు జారిపోయాయి. రాజు మాత్రం తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి తెర లాగేశాడు.

గోడంతా ఎండ పడి ఉంది. సిద్ధమ్మ ఒక పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఈ గోడ మీదే ఆమె ఇల్లు ఆధారపడి ఉంది. రాజు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, ఈ చివరి నుంచి ఆ చివరికి వెతికి, చటుక్కున వేలు పెట్టాడు.

“ఇదిగో! ఇక్కడ తేడా ఉంది. దొరికావు!”

“ఏలినవారూ, అది మా మామగారు వేసిందండి.”

రాజు రెండు బారలు జరిగాడు. “అయితే ఇది?”

“అదీ ఆయనదేనండి.”

“మరి నువ్వు వేసిందేదమ్మా?”

సిద్ధమ్మ దగ్గరికొచ్చి చూసింది. కళ్ళు చికిలించింది. అడ్డంగా తలూపింది.

“కంటికి నాకూ తెలియట్లేదండి. చెయ్యి పెట్టి చూడాల. కొత్త సున్నం కాస్త చల్లగా ఉంటది.”

వర్ణసార్వభౌముడు పచ్చగోడను అరచేత్తో తడుముకుంటూ పోయాడు. ఒకచోట చెయ్యి ఆగింది. “చల్లగా ఉంది!” అని అరిచి, తన అరుపు తనే విని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. రాజు నవ్వాడు గనక సభంతా నవ్వింది. సిద్ధమ్మ మాత్రం కొంగులో ముఖం దాచుకుని ఏడ్చేసింది.

ఆ పూటే పందిరి విప్పించారు. ముచ్చివారి ఇంటికి పొలిమేరలోపలే పొలం రాసిచ్చారు. సూరంభొట్లుకు పట్టుశాలువ కప్పబోతే ఆయన “ఒక్క క్షణం ప్రభూ” అని దాన్ని అందుకుని, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, ఎండలో ఇటూ అటూ తిప్పి రంగు చూసుకుని, ఆ తరువాతే తల వంచాడట. రాజు మళ్ళీ నవ్వాడు.