పరగడుపు రక్తం

మద్దిలేటికి ఆ వారమంతా అన్నం సయించలేదు.

పిల్లల షుగరు వైద్యం నేర్చుకోవడానికి సుభద్రమ్మ గారి దగ్గర చేరి అయిదేళ్ళయింది. ఆవిడ దగ్గితే మంచినీళ్ళు అందించినవాడు తను. పెద్ద పని వచ్చేసరికి మాత్రం, నిన్నగాక మొన్న చేరిన మెహరున్నీసాకు అప్పజెప్పేశారు.

షుగరున్న పిల్లల్లో కొందరికి ఎంత ఇన్సులిన్ ఇచ్చినా ఒంటికి పట్టదు. రక్తంలో ఏ గుర్తులు చూసి వాళ్ళను ముందే పసిగట్టవచ్చో తేల్చడమే ఆ పని.

"నాలో లేనిది ఆ అమ్మాయిలో ఏముంది మేడమ్?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, "చూద్దాంలే నాయనా" అన్నారు. అంతే. మద్దిలేటికి ఒళ్ళు మండిపోయింది.

ఆ గుర్తులు చూసే రక్తపరీక్షకు పిల్లలు పరగడుపున రావాలి. ఏమైనా తిని వస్తే రక్తంలో చక్కెరా కొవ్వూ రెండూ పైకెక్కి కూర్చుంటాయి. ఆ అంకెలు నమ్మి మందు రాస్తే బిడ్డ ప్రాణానికే ముప్పు.

గురువారం పొద్దున గంగరత్న అనే తొమ్మిదేళ్ళ పాపను తల్లి తీసుకొచ్చింది. వరండాలో మొదట కనబడింది మద్దిలేటే.

"బస్సులో బిడ్డకు చెమటలు పట్టి వణుకొచ్చె సార్. భయమేసి రెండు పూరీలు తినిపిస్తి. ఏం కాదు కదా?"

"ఏం కాదులే, కూర్చో."

ఆ మాట మెహర్‌కు చెప్పాలని రెండడుగులు వేశాడు కూడా. లోపల మెహర్ ఇంకో పిల్లను నవ్విస్తూ రక్తం తీస్తోంది. సుభద్రమ్మ గారు పక్కనే నిలబడి మురిసిపోతున్నారు. అతని కాళ్ళు ఆగిపోయాయి. రేపు అంకెలు రానీ, అందరి ముందూ ఈ మెహర్ గొప్పతనం బయటపెడతాను అనుకున్నాడు. ఒకరి మీద ఏడ్చేవాడికి ఉపాయాలకేం కొదవ!

గంగరత్న వంతు వచ్చింది. "రాత్రి నుంచి ఏమీ తినలేదు కదా?" అని మెహర్ అడిగింది. తల్లి మద్దిలేటి వైపు చూసింది. సారుకు చెప్పాను కదా, ఆయనే ఏం కాదన్నాడు కదా అని ఊరుకుంది. మద్దిలేటి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

శుక్రవారం అంకెలొచ్చాయి. అన్నీ ఎక్కువే. పాపకు ఇన్సులిన్ ఒంటికి పట్టడం లేదు, ఈ పూట నుంచే డోసు పెంచాలి అని మెహర్ రాసింది.

సుభద్రమ్మ గారు మద్దిలేటిని పిలిచి ఆ కాగితం ముందు పెట్టారు. తన జేబులోని పెన్ను తీసిచ్చారు.

"నువ్వు పెద్దవాడివి. సంతకం చెయ్యి. ఇకనుంచి మెహర్ రాసేవన్నీ నీ చేతి మీదుగానే పోతాయి."

అయిదేళ్ళుగా అతను కోరుకున్న మాట అది. పెన్ను అందుకున్నాడు. ఆ డోసు పడితే పాప నిద్రలోనే స్పృహ తప్పుతుంది. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశాడు.

"చెయ్యి నాయనా. తల్లి ఎదురుచూస్తోంది."

"పాప తిని వచ్చింది మేడమ్." పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "నాకు తెలుసు."

ఆవిడ తిట్టలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి బల్ల సొరుగులో పడేశారు.

"వాళ్ళను ఈ పూటకు ఊళ్ళోనే ఉండమను. రేపు పరగడుపున మళ్ళీ రక్తం తీద్దాం. పాప చెయ్యి నువ్వు పట్టుకో."

శనివారం పొద్దున గంగరత్న కుర్చీలో కూర్చుంది. మొన్న సూది దిగిన చోట చర్మం ఇంకా నీలంగానే ఉంది. మద్దిలేటి ఆ చేతిని కదలకుండా పట్టుకున్నాడు. మెహర్ నరం వెతికి సూది దించింది. పాప ఏడవలేదు గానీ పెదవి గట్టిగా కరుచుకుంది.

"మొన్న ఇస్తిని కదా అవ్వా, మళ్ళా ఎందుకు?" అని సుభద్రమ్మ గారిని అడిగింది.

మెహర్ తల వంచుకుంది. "తప్పు నాదే బంగారూ. మొన్న నేను సరిగ్గా అడగలేదు."

మద్దిలేటి చేతుల్లో పాప చెయ్యి వెచ్చగా ఉంది.

సుభద్రమ్మ గారు వంగి పాప నుదుటి మీది వెంట్రుకలు సవరించారు.

"నన్నూ ఆ అక్కనూ కాదు తల్లీ, నీ చెయ్యి పట్టుకున్న సారును అడుగు."

గంగరత్న తలెత్తి మద్దిలేటి ముఖంలోకి చూసింది.