నూకాలు కోరుకున్న గడియారం

వెనకటికి సముద్రపొడ్డున ఒక జమీందారుకి రెండు చేతి గడియారాలుండేవి. ఒకటి బ్యాటరీది, మీట నొక్కితే ఒక ముల్లు పరుగెత్తి ఎంతసేపయిందో చెబుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. రెండోది చెయ్యి కదిలితేనే నడిచే ఈతగాళ్ళ గడియారం. ఒకరోజు దాన్ని ఆ ఊళ్ళో నూకాలు అనే ఆమె మొగుడు, జాలరి గంగన్న చేతికి కట్టి, నీళ్ళలో ఎంతసేపు మునిగి ఉంటాడో చూద్దామని అతిథులతో పందెం కాశాడు. గంగన్న శవమై తేలాడు.

"రెండు నిమిషాలకే పడవ పంపాను. వాడి ఆయువే అంత," అన్నాడు జమీందారు మూడు రోజుల తర్వాత పంచాయతీలో. "నూకాలూ, నష్టపరిహారంగా ఈ రెండు గడియారాల్లో ఏది కావాలో కోరుకో."

మొగుడి చేతి గడియారం ఆగిపోయి ఉంది. నూకాలు దాన్ని చెవికి ఆనించుకుని, కింద పెట్టేసింది.

"మీ చేతిది ఇప్పించండి బాబూ."

ఆయన నవ్వుతూ విప్పి ఇచ్చాడు. ఆమె దాన్ని కులపెద్ద చేతిలో పెట్టింది.

"మా మావ మునగ్గానే బాబుగారు మీట నొక్కారు. పడవని పంపినప్పుడు మళ్ళీ నొక్కారు. ఒడ్డునుంచి చూస్తూనే ఉన్నాను. ముల్లు ఎక్కడాగిందో చెప్పండి."

"పదకొండు నిమిషాలు," అన్నాడు కులపెద్ద.

జమీందారు నవ్వు చచ్చిపోయింది.

నూకాలు ఆగిన గడియారాన్ని తీసి కొంగున ముడేసుకుంది.

"అది బాబుగారికే ఇచ్చేయండి, ఎవరు పోయినా నడుస్తుంది. ఇది ఆ చెయ్యి లేకపోతే నడవదు, నాలాగే."