బురుజు మీది కొడుకు

భూమండలమంతా రణభైరవ మహారాజు ఏలుబడిలోకి వచ్చింది. ఇక శత్రువన్నవాడే లేడని దండోరా వేశారు. బురుజులపై కావలిభటులు మాత్రం, ఆచారం ప్రకారం, నగరానికి వీపు పెట్టి బయటికే చూస్తూ నిలబడ్డారు. చాపలల్లే గవరమ్మ ఏళ్ల తరబడి కింది నుంచి కొడుకు వీపునే చూసుకుంది. చివరికి కొలువుకు వెళ్లింది.

"మహాప్రభూ, మావాణ్ణి ఇంటికి పంపండి."

"సైన్యం లేని రాజ్యముంటుందా అవ్వా?"

"బయటివాళ్లంతా తమరి బిడ్డలే అయ్యారు గదా. మరి వాడు అటు ఎవరి కోసం చూస్తున్నాడు?"

సభ నవ్వింది. రాజు మాత్రం "నిజమే. వాడు అటు చూడనక్కరలేదు" అన్నాడు.

గవరమ్మ సంబరంగా కొడుక్కి ఇష్టమైన ఉలవచారు కాచింది. తెల్లవారేసరికి భటులందరూ నగరం వైపు తిరిగి నిలబడి ఉన్నారు. ఇన్నేళ్లకు కొడుకు ముఖం కనిపించింది. వాడి ఈటె మొన ఆమె వైపే ఉంది.

ఆ ప్రశ్న అడగకుండా ఉండవలసిందని ఆమె బతికినన్నాళ్లూ కుమిలింది.