కొస గిల్లిన తీగ

పూర్వం ఒక రాజుకి ఈగల్ని మింగే కూజాతీగలంటే మహా పిచ్చి. దీవుల నుంచి ఎర్రమూతి రకం లేతమొక్క తెప్పించి, మాలి గురవడికి అప్పగించాడు. "మాలి దాన్ని కాజేసి పచ్చమూతి నాటురకం పెట్టాడు" అని మంత్రి చెవిలో ఊదాడు. మార్చలేదని గురవడు మొత్తుకున్నా వినకుండా, రాజు అతన్ని కొరత వేయించాడు. మర్నాడు అతని పెళ్లాం సింగిని పిలిపించాడు.

"నీకూ అదే గతి!"

"చిత్తం మారాజా. కానీ లేతప్పుడు రెండు రకాలూ ఒక్కలాగే ఉంటాయి. తీగ పైకి పాకి కూజా వేస్తేనే మూతి రంగు తేలేది. నన్ను చంపాక ఎర్రమూతి అని తేలితే, దాన్ని సాకేదెవరు?"

రాజు ఆలోచనలో పడ్డాడు. "సరే, అది పాకేదాకా బతుకు. పచ్చమూతి వచ్చిందో, కొరతే."

అప్పట్నుంచి తీగ కొస లేచినప్పుడల్లా సింగి గోటితో గిల్లేసేది. మొక్క గుబురుగా పెరిగేదే గానీ పాకేది కాదు.

"ఇంకా పాకలేదా?" అనేవాడు రాజు.

"తమ దయవల్ల ఏపుగా ఉంది మారాజా" అనేది సింగి.

అడిగి అడిగి రాజు ముసలివాడై చచ్చాడు.

ఆ ఏడు సింగి కొస గిల్లలేదు. తీగ పందిరెక్కి కూజా వేసింది. మూత విచ్చుకునేదాకా అక్కడే కూర్చుంది.

ఎర్రమూతి.

"నిజమే చెప్పావు మామా," అంది సింగి. "నేనే నమ్మలేదు."