గుండ్లచెలమ పెరటి పోలేరమ్మ

గుండ్లచెలమలో బస్సు దిగిన భక్తులు గోపురం కోసం వెతకనక్కరలేదు. ఇక్కడ గోపురం లేదు. ఊరి చివర ఒక రైతు ఇంటి వెనుక, అలికి ముగ్గు పెట్టిన విశాలమైన పెరట్లో, వేపచెట్టు నీడన పోలేరమ్మ తల్లి కొలువై ఉన్నది. మోకాలెత్తు నల్లరాయి, దానికి వెండి కళ్ళు, పసుపు, కుంకుమ. అమ్మను చూడాలంటే ఆ ఇంటి వంటగది పక్క సందులోంచి నడవాలి. పులుసు వాసన తగలకుండా ఇక్కడ ఎవరికీ దర్శనం కాదు. గ్రామదేవత ఒకరి పెరట్లో ఎందుకున్నదని కొత్తవారు తప్పక అడుగుతారు.

పూర్వం ఇక్కడ ఇల్లే గాని పెరడు లేదు. వెనుక గోడ నుంచి వాగు వరకూ బలుసు, నాగజెముడు కలిసి మేకపిల్ల కూడా దూరలేనంతగా అల్లుకుని ఉండేవి. వాటి కింద కొండ మీది నుంచి దొర్లిన గుండ్లు. ఆ ఇంట్లో పేరయ్య అనే రైతు, భార్య ఆదెమ్మ, లేకలేక పుట్టిన కూతురు నాంచారి ఉండేవారు. ఎవరి ఇంటికి కప్పు వేస్తున్నా, ఎవరి బావి పూడిక తీస్తున్నా అందరికన్నా ముందు పేరయ్యే చేరేవాడు. తన పనికి ఒకరిని పిలవాలంటే మాత్రం అతనికి ప్రాణం పోయినట్లుండేది.

ఒక వేసవిలో నాంచారికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, కళ్ళు మూతపడ్డాయి. వేపాకు పరచిన పక్క మీద ఆ పిల్ల ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండగా, తెల్లవారుజామున పేరయ్యకు పోలేరమ్మ కలలో కనిపించింది. "నీ ఇంటి వెనుక ముళ్ళ కింద ఊపిరాడక ఉన్నాను. తొలకరి పడితే వాగు నన్ను లాక్కుపోతుంది. ఆలోగా బయటికి తీస్తే నీ బిడ్డ చల్లబడుతుంది" అని చెప్పి మాయమైంది.

అమ్మ చెప్పింది అంతే. పేరయ్య దానికి తన మాట ఒకటి చేర్చుకున్నాడు. కలలో తనకే కనిపించింది కనుక తానొక్కడే చెయ్యాలనీ, ఇంకొకరి చెయ్యి పడితే అపచారమనీ నిశ్చయించుకున్నాడు. బావమరిది గురవయ్య గడ్డపార భుజాన వేసుకుని వస్తే గుమ్మంలోంచే పంపేశాడు. చిన్ననాటి స్నేహితుడు మస్తానయ్య కంప లాగే కొంకికర్ర తెస్తే, ఇది తల్లి ఆన అని తలుపు మూశాడు. ఒంటికాయ సొంటికొమ్ము అని వీధివారు నవ్వారు, జాలీ పడ్డారు.

"ఒక్కడివే చెయ్యమని అమ్మ నీకు చెప్పిందా?" అని ఆదెమ్మ అడిగింది. పేరయ్య గంప తీసుకుని ముళ్ళలోకి నడిచాడు.

రాళ్ళు నిండిన గంపను ఎవరూ తమంతట తాము తలకెత్తుకోలేరు. ఎదుటివారు ఒక అంచు పట్టాలి. పట్టేవారు లేక పేరయ్య సగం గంపలతోనే వాగు గట్టుకు తిరిగాడు. పనీ సగమే సాగింది. అరచేతులు చీలాయి. పడమట మబ్బు కమ్మింది. లోపల పిల్ల మూలుగు కూడా వినబడటం మానేసింది.

మధ్యాహ్నం గంపకు ఆనుకుని కన్ను మూతపడగానే అమ్మ మళ్ళీ కనిపించింది. ఈసారి కోపంగా ఉన్నది. "ఒరే పేరయ్యా, నీకు చెప్పింది నువ్వొక్కడివే చెయ్యమని కాదురా. నువ్వు పదిమందికీ చెబుతావని చెప్పాను."

పేరయ్య లేచి వెళ్ళి మస్తానయ్య అరుగు ముందు నిలబడ్డాడు. "మస్తానయ్యా, గంప ఎత్తుకోలేకపోతున్నా. ఒక చెయ్యి వెయ్యవా" అని ఏడ్చేశాడు. మస్తానయ్య ఏమీ అడగకుండా చూరులోని కొంకికర్ర అందుకున్నాడు. గురవయ్య వచ్చాడు, ఆడవాళ్ళు కొడవళ్ళతో వచ్చారు, ఎద్దులను తోలుకుని వచ్చినవారూ ఉన్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగాక ఆనాడు ఊరంతా అమ్మే అయింది.

పొద్దు వాలేలోగా కంప తొలగింది, గుండ్లు కదిలాయి, ఆఖరి గుండు కింద అమ్మ నల్లని రూపం బయటపడింది. ఆమెను వేపచెట్టు మొదటికి చేర్చేసరికి తొలి చినుకు రాలింది. వాగు పొంగి అమ్మను తీసిన గుంటను ముంచెత్తే వేళకు, ఇంట్లో నాంచారి కళ్ళు విప్పి బువ్వ అడిగింది. పెరుగన్నం కలుపుతూ ఆదెమ్మ ఏడ్చింది. పేరయ్య వానలోనే బురదలో చతికిలబడి, గుండెల మీది బండ దిగినవాడై హాయిగా నవ్వాడు. తరువాత ఊరి నడుమ గుడి కడతామంటే, ఇందరు కలిసి బాగుచేసిన చోటు విడిచి రానని అమ్మ సెలవిచ్చిందట.

నేటికీ తొలకరికి ముందు వచ్చే ఆదివారం ఊరివారూ భక్తులూ కలిసి ఈ పెరట్లో కలుపు తీసి, వాగు గట్టుకు మట్టి మోస్తారు. పెరుగన్నమే ప్రసాదం. మిగిలిన రోజుల్లో వచ్చినవారు దర్శనానికి ముందు ఒక్క గంపైనా మోయాలి. ఎంతటివారైనా తమ గంప తాము ఎత్తుకోరాదు, పక్కవారిని అడగాలి. మాటలు లేని అన్నదమ్ములు గంపకు చెరో అంచూ పట్టి, మాట్లాడుకుంటూ ఇంటికి వెళ్ళడం ఇక్కడ మామూలే. ఒంటరిగా వచ్చామని వెనుకాడనక్కరలేదు. గంప దగ్గర నిలబడి, ఒక చెయ్యి వెయ్యండి అనండి. ఆ మాట రెండోసారి అనవలసి వచ్చిన భక్తుడు ఇంతవరకూ లేడు.